గట్టి బొక్క ఎట్లా విరిగింది?

పెద్దమ్మ ఎక్స్‌రేని డాక్టరు లైటు డబ్బాకు తగిలించగానే గదిలో ఎవరం మాట్లాడలేదు. అంత తెల్లటి ఎక్స్‌రే నేనెప్పుడూ చూడలేదు. విడివిడిగా కనబడాల్సిన వెన్నుపూసలు ఒకే దిమ్మెలా ఉన్నాయి. తుంటి ఎముకలు కొత్తగా సున్నం కొట్టిన గోడలా మెరుస్తున్నాయి. ఆ తెలుపు మధ్యలో, తొడ ఎముక మెడ దగ్గర, పెన్సిల్‌తో గీసినట్టు ఒక నల్లటి గీత. విరిగింది అక్కడే. ఎక్కడి నుంచో కింద పడింది కూడా కాదు. గడప దాటుతుంటే కాలు మడతపడి కూలబడింది, అంతే.

"ఎముకలో మినరల్‌కేం తక్కువ లేదు. మామూలు మనిషికంటే ఎక్కువే ఉంది," అన్నాడు డాక్టరు.

పెద్దమ్మ స్ట్రెచర్ మీద నుంచే అడిగింది. "గంత గట్టిగుంటే మరెట్ల ఇరిగింది సారూ?"

ఆయన నవ్వి ఆపరేషన్ సంగతిలోకి వెళ్ళిపోయాడు. ఆయన్ని అనడానికేం లేదు, బయట ఇంకో ముప్పై మంది కూర్చుని ఉన్నారు. నా సంగతే వేరు. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పబట్టి పంతొమ్మిదేళ్ళయింది. అస్థిపంజరం పాఠం నిద్రలో లేపి అడిగినా చెప్తాను. పెద్దమ్మ అడిగినదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఆపరేషన్ అయ్యాక అదే డాక్టరు బయటికొచ్చి, ఎముకలోకి డ్రిల్ దిగడానికే చాలాసేపు పట్టిందని చెప్పాడు. డ్రిల్‌కు లొంగని ఎముక గడప దగ్గర విరిగింది.

మాది పుట్టపాక పక్కన ఊరు. మర్రిగూడ, చండూరు, మునుగోడు, అన్నీ మా చుట్టుపక్కలే. ఈ పేర్లు చెబితే నల్లగొండ తెలిసినవాళ్ళకు మిగతాది చెప్పక్కర్లేదు. తాగేనీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మా బోర్లకు ఆ సంగతి తెలియదు. పెద్దమ్మ ఆ నీళ్ళు యాభై ఏళ్ళకు పైగా తాగింది. అన్నేళ్ళూ ఆసు పోసింది, అంటే చీర నేయకముందు పోగుల్ని మేకుల చట్రం మీద చుట్టింది. ఒక్క చీరకు చెయ్యి కొన్ని వేలసార్లు ఆ మేకుల మధ్య అటూ ఇటూ తిరగాలి. నలభై దాటాక భుజం లేవడం మానేసింది. అరవై వచ్చేసరికి పక్కకు చూడాలంటే మెడ తిరగదు, మనిషే తిరగాలి. ఇప్పుడు ఊళ్ళో ఇరవై లీటర్ల డబ్బాల్లో నీళ్ళమ్మేచోటికి అందరూ 'మినరల్ వాటర్ ప్లాంట్' అంటారు. నిజానికి ఆ మిషను చేసే పని నీళ్ళలోంచి మినరల్ తీసేయడం. మా జిల్లాలో ఈ పేరు పెట్టినవాడికి దండం పెట్టాలి.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, ఎముక అంటే కాల్షియం అని మనకు ఎక్కిపోయింది. పిల్లాడు పొట్టిగా ఉంటే కాల్షియం, అత్తగారికి మోకాలు నొప్పంటే కాల్షియం, కడుపుతో ఉంటే కాల్షియం. మెడికల్ షాపువాడు చీటీ చూడకుండానే అందిస్తాడు. నేనూ బోర్డు మీద కాల్షియం ఫాస్ఫేట్ ఫార్ములా రాసి, కింద రెండు గీతలు గీసి, పక్కన బ్రాకెట్లో కొల్లాజెన్ అని రాసి వదిలేసినవాణ్ణే. కొల్లాజెన్ అంటే ఎముకలో తీగల్లా అల్లుకుని ఉండే ప్రొటీన్. ఆ బ్రాకెట్టే నా తప్పు. ఎముక బలం కాల్షియం ఎంతుందన్నదాన్ని బట్టి వచ్చేది కాదని, ఆ కాల్షియం కొల్లాజెన్ తీగల లోపల ఎక్కడ, ఎంత సన్నగా, ఏ వరసలో కూర్చుందన్నదాన్ని బట్టి వస్తుందని ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నాను. పెద్దమ్మ ఎక్స్‌రే నాకు నేర్పింది ఇదే.

మాటలతో ఎందుకు, ఆదివారం చికెన్ తిన్నాక రెండు కాలి బొక్కలు దాచి చూడండి. నేను మా పాపతో కలిసి చేశాను. ఒకటి శుభ్రంగా కడిగి వెనిగర్ పోసిన గాజు సీసాలో వేశాం. కాసేపటికి బొక్క ఒంటి మీద సన్నటి బుడగలు. ఎముక ఖనిజంలో కొంచెం కార్బొనేట్ కూడా ఉంటుంది, ఆ గ్యాసే అది. రెండు రోజులకోసారి వెనిగర్ మార్చాం. నాలుగో రోజు చివరలు మెత్తబడ్డాయి. వారానికి మొత్తం బొక్క రబ్బరు ముక్కలా అయింది. మా పాప దాన్ని ముడేయాలని చూసింది. ముడి పడలేదు గానీ గుర్రపు నాడాలా వంగి, వదిలేయగానే మెల్లగా మళ్ళీ సాగింది. రెండోదాన్ని కుంపట్లో నిప్పుల మీద పెట్టాం. ముందు వెంట్రుకలు కాలిన కంపు వచ్చింది, ప్రొటీన్ కాలితే వచ్చే వాసన అదే. తర్వాత నల్లగా, చాలాసేపటికి బూడిద తెలుపుగా మారింది. పట్టకారుతో తీసి పళ్ళెంలో పెట్టబోతుంటే సుద్దముక్కలా పొడైంది.

ఇంతవరకూ స్కూలు ప్రయోగమే, చాలామందికి తెలిసిందే. నేను చాలా ఆలస్యంగా గమనించింది ఇంకొకటుంది. వెనిగర్‌లోంచి తీసిన దాంట్లో ఖనిజం పోయింది, కానీ ఆకారం పోలేదు. నిప్పుల్లో కాలిన దాంట్లో కొల్లాజెన్ పోయింది, పొడయ్యేదాకా దాని ఆకారమూ పోలేదు. రెండు చివర్ల గుబ్బలు, మధ్యలో నడుము, అన్నీ అలాగే ఉన్నాయి. అంటే ఎముకలో ఏ మూల గిల్లి చూసినా రెండూ ఉన్నాయన్నమాట. ఒక పక్క ఇది, ఇంకో పక్క అది అన్నట్టు లేవు.

అందుకే ఎముకను స్లాబుతో పోల్చడం నాకు నచ్చదు. కొల్లాజెన్ ఇనుప చువ్వలట, కాల్షియం సిమెంటట. నేనే ఎన్నోసార్లు క్లాసులో చెప్పాను. స్లాబులో చువ్వ చువ్వే, దాని చుట్టూ సిమెంటు. ఎముకలో సంగతి అలా కాదు. చువ్వ లోపలికే సిమెంటు వెళ్ళి కూర్చుంటుంది. ఎట్లా వెళ్తుంది అన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి శాస్త్రవేత్తలకు అరవై ఏళ్ళకు పైగా పట్టింది. ఇంకా పూర్తిగా తేలిందని కూడా ఎవరూ అనడం లేదు.

ఆ చువ్వ ఎలా ఉంటుందన్నది మాత్రం మన పక్కనే, మద్రాసులో తేలింది. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి కొల్లాజెన్ అణువు మూడు పోగులు మెలిపడిన పేట అని నేచర్ పత్రికలో రాశారు. వాళ్ళు ఎక్స్‌రే కిరణాల కింద పెట్టింది కంగారూ తోకలోని స్నాయువు, అంటే కండను ఎముకకు కట్టే నార. మద్రాసులోనే ఉన్న తోళ్ళ పరిశోధన సంస్థ దగ్గర అది దొరికింది. తోలు అంటే కొల్లాజెనే కదా. చెప్పు తోలు, మేకకాళ్ళ పాయా ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టే జెల్లీ, మీ తొడ ఎముక, అన్నీ ఈ కుటుంబం సరుకే. తెనాలి దగ్గర యలవర్రు నుంచి వెళ్ళిన యలవర్తి నాయుడమ్మ ఆ తోళ్ళ సంస్థకు 1958 నుంచి డైరెక్టరుగా ఉన్నారు. నా పాఠాల్లో ఆయన పేరు ఒక్కసారీ రాలేదు. ఎముకకూ తోళ్ళకూ సంబంధమేమిటని అనుకున్నానేమో.

పేటలోని ఒక్కో పోగులో దాదాపు 1000 అమైనో ఆమ్లాలు. వాటిలో ప్రతి మూడోదీ గ్లైసిన్. అన్నిటికన్నా చిన్నది అదే. మూడు పోగులు మెలిపడే నట్టనడిమ దానికంటే పెద్దది పట్టదు. పుట్టుకతోనే ఆ వెయ్యిలో ఒక్కచోట గ్లైసిన్ బదులు ఇంకోటి వచ్చి కూర్చుంటే పేట సరిగా పడదు. అలాంటి పిల్లలకు కొందరికి దగ్గినా ఎముకలు విరుగుతాయి. వాళ్ళ ఎముక పదార్థాన్ని తీసి చూస్తే మినరల్ మామూలు కంటే దట్టంగానే ఉంటుంది. బట్టే బాగాలేనప్పుడు రంగు ఎంత చిక్కగా ఉంటే ఏం లాభం?

ఒక్కో పేట పొడవు 300 నానోమీటర్లు. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. ఈ పేటలు ఒకదాని పక్కన ఒకటి సమంగా పడుకోవు. ఒక్కోటి పక్కదానికంటే 67 నానోమీటర్లు జరిగి ఉంటుంది. 300ని 67తో భాగిస్తే సరిగ్గా పోదు. ఆ పోని లెక్కలోనే ఉంది కిటుకంతా. ఒక పేట చివరకూ దాని వరసలో వచ్చే తర్వాతి పేట మొదలుకూ మధ్య 40 నానోమీటర్ల ఖాళీ మిగులుతుంది. కొన్ని వందల పేటలు కలిసిన ఒక్కో తీగలో ఇలాంటి ఖాళీలు వరసగా, పట్టాల కింద స్లీపర్ల మధ్య సందుల్లా ఉంటాయి. 1963లో హాజ్, పెట్రుస్కా ఈ అమరిక చెప్పారు. ఖనిజపు తొలి పలుకులు, అంటే స్ఫటికాలు, కనబడేది ఈ ఖాళీల్లోనే. అక్కడ మొదలై పేటల మధ్య సందుల్లోకి పలచటి రేకుల్లా పాకుతాయి. రేకు మందం రెండు నుంచి నాలుగు నానోమీటర్లు, అంతే. ఆ రేకులన్నీ తీగ పొడవు వెంట ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి.

మరి రేకులు లోపలే ఎందుకు కడతాయి, బయట ఎందుకు కట్టవు? పాత జవాబు పటికబెల్లం జవాబు. పటికబెల్లం పలుకుల మధ్య దారం చూశారు కదా, పాకంలో దారం వేలాడదీస్తే దాన్ని పట్టుకుని పలుకులు కడతాయి. 1957లో అమెరికాలో గ్లిమ్‌చర్ బృందం కొల్లాజెన్‌ను కరిగించి, మళ్ళీ తీగలుగా పేనించి, కాల్షియం ఫాస్ఫేట్ ద్రావణంలో ఉంచి చూసింది. సహజమైన వరస ఉన్న తీగల మీదే పలుకులు కట్టాయి, వరస తప్పి పేనుకున్న వాటిమీద కట్టలేదు. కొల్లాజెనే పలుకుకు ప్రాణం పోస్తుందని అప్పుడనుకున్నారు.

అది నిజమే అయితే ఒక చిక్కుంది. మన చర్మంలోనూ ఆ రకం కొల్లాజెనే. స్నాయువుల్లోనూ అదే. రక్తంలోనేమో కాల్షియం, ఫాస్ఫేట్ ఎముక ఖనిజం లెక్కన చూస్తే ఎప్పుడూ మోతాదు మించే ఉంటాయి, ముదురు పాకంలాగా. దారం ఉంది, పాకం ఉంది. మరి మనం పొద్దున లేచేసరికి రాయి ఎందుకు కావడం లేదు?

పంతొమ్మిదేళ్ళలో నేను అడగాల్సి ఉండి అడగని ప్రశ్న ఇదే. ఎముక ఎట్లా గట్టిపడుతుంది అని అడుగుతూ వచ్చాం. మిగతా ఒళ్ళు ఎట్లా మెత్తగా ఉండగలుగుతోంది అన్నది అంతకంటే మంచి ప్రశ్న. జవాబులో సగం 1960ల్లో స్విట్జర్లాండులో హెర్బర్ట్ ఫ్లైష్ దగ్గర దొరికింది. రక్తంలో, మూత్రంలో పైరోఫాస్ఫేట్ అనే చిన్న అణువు తిరుగుతూ ఉంటుంది. పలుకు మొలకెత్తగానే దానికి అతుక్కుని పెరగనివ్వదు. పైపుల్లో సున్నం పేరుకోకుండా నీళ్ళలో కలిపే మందులదీ ఇదే జాతి. పళ్ళ మీద గార కట్టకుండా అని చెప్పి అమ్మే కొన్ని టూత్‌పేస్టుల్లో కలిపేదీ ఇదే, ఎందుకంటే గార కూడా లాలాజలంలోంచి దిగిన కాల్షియం ఫాస్ఫేటే. ఎముకలు గుల్లబారినవాళ్ళకు వారానికోసారి వేసుకోమని ఇచ్చే అలెండ్రొనేట్ మాత్ర ఈ అణువు పోలికలోనే తయారైంది.

ఎముక కట్టాల్సిన చోట ఈ కాపలాను తీసేయాలి. ఆ పని ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైముది. లండన్‌లో రాబర్ట్ రాబిసన్ దాన్ని పెరిగే ఎముకల్లో 1923లోనే పట్టుకున్నాడు. మీ రక్తపరీక్ష రిపోర్టులో ఎ.ఎల్.పి. అని ఉంటుంది చూడండి, అదే. ఎదిగే పిల్లల్లో అది ఎక్కువగా కనబడితే తల్లిదండ్రులు లివర్ పాడైందని టెన్షన్ పడతారు. చాలాసార్లు అది పొడుగవుతున్న కాలి ఎముకల చప్పుడే. 2005లో ఒక బృందం ఎలుకల చర్మంలో, మామూలుగా ఈ ఎంజైము పని చేయని చోట, దాన్ని పని చేయించి చూసింది. చర్మం గట్టిపడింది, ఖనిజం దిగింది. కొల్లాజెన్ ఉండి కాపలా పోతే చాలన్నమాట. కాపలా కాసేవాళ్ళలో ఇంకొకరైన ఎం.జి.పి. అనే ప్రొటీన్ లేకుండా పుట్టించిన ఎలుకలు, 1997లో, రక్తనాళాలు సున్నంబారి రెండు నెలల్లోపే చనిపోయాయి.

రెండో సగం నాకు మరీ నచ్చిన ముక్క. కాలేయం ఫెటూయిన్ అనే ప్రొటీన్‌ను రక్తంలోకి వదులుతుంది. అదీ కాపలాదారే, కాకపోతే భారీ మనిషి, దాదాపు 48 వేల డాల్టన్ల బరువు. అణువుల బరువుకు కొలత డాల్టన్. కాలిఫోర్నియాలో పాల్ ప్రైస్ బృందం కొల్లాజెన్ తీగలోకి ఎవరు దూరగలరో ఎవరు దూరలేరో కొలిచింది. 6 వేల డాల్టన్ల లోపువి హాయిగా వెళ్తాయి. 40 వేలు దాటినవాటికి ప్రవేశం లేదు. కాల్షియం, ఫాస్ఫేట్ చిన్నవి, లోపలికి వెళ్తాయి. ఫెటూయిన్ గుమ్మం బయటే ఉండిపోతుంది. బయట దొరికిన పలుకునల్లా అది ఆపేస్తుంది, లోపలిదాన్ని ఆపలేదు. అందుకని పలుకు పెరిగేది లోపలే. 2009లో వాళ్ళు రాసిన ఈ వ్యాసం చదువుతున్నప్పుడు నాకు మా ఊరు గుర్తొచ్చింది.

మా దగ్గర చిటికి కడతారు. బయటివాళ్ళు ఇక్కత్ అంటారు. నూలు చట్రానికి బిగించి, డిజైను గీసి, రంగు ఎక్కకూడని చోటల్లా సైకిల్ ట్యూబు కోసిన సన్న రబ్బరు పట్టీలతో గట్టిగా చుట్టేస్తారు. తర్వాత రంగులో ముంచుతారు. కట్టు లేని చోట నూలు గుండెలోకి రంగు దిగుతుంది. మళ్ళీ విప్పి, ఇంకోచోట కట్టి, ఇంకో రంగు. అద్దకంలో రంగు బట్ట పైన పడుతుంది, చిటికిలో నేయకముందే పోగు లోపలికి పోతుంది. అందుకే చీర ఎటు తిప్పినా ఒకటే. రంగు ముంచడం ఎవరైనా చేస్తారు. నైపుణ్యమంతా ఎక్కడ రంగు పోకూడదో అక్కడ కట్టడంలో ఉంది. ఎముక చేసేది అచ్చం ఇదే. ఒంట్లో సున్నం ఎప్పుడూ సిద్ధంగానే ఉంది. ఒంటినిండా కట్లు కట్టి, ఒక్కచోట మాత్రం కట్టు విప్పి వదులుతుంది.

పోలిక అన్నాక ఎక్కడో ఒకచోట జారుతుంది. నూలు రంగును పిలవదు, కొల్లాజెన్ కొంచెం పిలుస్తుంది. 2010లో నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ వాళ్ళు తీగల్ని గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, ఇంకా పలుకు కట్టని, ముద్దగా ఉన్న కాల్షియం ఫాస్ఫేట్ ఖాళీకి దగ్గర్లో ధనావేశం ఉన్న చోటు నుంచి లోపలికి దిగడం కనబడింది. లోపలికి పోయాక మెల్లగా రేకులుగా తిరిగింది. ద్రవంలాంటి ముద్దగా దిగి తర్వాత గట్టిపడుతుందన్న ఆలోచన అంతకుముందే ఫ్లోరిడాలో లారీ గోవర్ చెప్తూ వచ్చింది. అంటే గ్లిమ్‌చర్‌దీ పూర్తి తప్పు కాదు. ఎవరి పాలు ఎంత అన్నది వాళ్ళు ఇంకా కొట్టుకుంటున్నారు, కొట్టుకోనివ్వండి.

ఇక పెద్దమ్మ ప్రశ్న. ఫ్లోరైడ్ ఎముక పలుకులోకి వెళ్ళి మామూలుగా హైడ్రాక్సిల్ అనే అయాన్ ఉండే చోట కూర్చుంటుంది. పలుకు మరింత బిగుస్తుంది, పెద్దదవుతుంది, తొందరగా కరగదు. ఎముక కట్టే కణాలను కూడా రెచ్చగొడుతుంది. ఎక్స్‌రేలో తెలుపు పెరుగుతుంది. ఈ తెలుపు చూసి ఒకప్పుడు డాక్టర్లే ఆశపడ్డారు. గుల్లబారిన ఎముకలకు ఫ్లోరైడే మందు కావచ్చనుకుని అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు 202 మంది పెద్దవయసు ఆడవాళ్ళతో నాలుగేళ్ళ పరీక్ష చేశారు. సగం మందికి రోజూ 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఇచ్చారు, కాల్షియం అందరికీ ఇచ్చారు. 1990లో ఫలితం వచ్చింది. ఫ్లోరైడ్ వాడినవాళ్ళ వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మిగతాచోట్ల విరగడం పెరిగింది. ఆ వ్యాసం చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. అమెరికా వాళ్ళు డబ్బు ఖర్చుపెట్టి మాత్రలిచ్చి తెలుసుకున్నదాన్ని మా మండలాలకు భూమి ఉచితంగా నేర్పుతోంది.

మన దగ్గర ఈ ఫ్లోరైడ్ జబ్బు కొత్త కాదు. తర్వాత ప్రకాశం జిల్లాలోకి వచ్చిన ఊళ్ళు పాత నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ జబ్బు గురించి షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు రాశారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు లాన్సెట్‌లో ఇంకా విచిత్రమైనది రాశారు. ఫ్లోరైడ్ నీళ్ళున్న ఊళ్ళలో మోకాళ్ళు ఒకదానికొకటి తగిలేలా కాళ్ళు వంగిన పిల్లలూ కుర్రాళ్ళూ. వాళ్ళ ఎముకలు గుల్లబారి ఉన్నాయి. తెల్లబడే జబ్బే ఇంకోచోట పలచబడేలా చేస్తుంది. 'కాల్షియం ఎక్కువా తక్కువా' అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని కూర్చుంటే ఇది ఎప్పటికీ అర్థం కాదు.

పెద్దమ్మ ముంజేతి ఎక్స్‌రే కూడా తీయించారు. మోచేతి నుంచి మణికట్టు దాకా ఉండే రెండు ఎముకల మధ్య ఒక పలచటి పొర ఉంటుంది. కొల్లాజెన్ పొరే అది. మామూలుగా ఎక్స్‌రేలో కనబడదు. పెద్దమ్మ చేతిలో ఆ పొర అంచు రంపపు పళ్ళలా తెల్లగా కనబడింది. ఎప్పటికీ కట్టు విప్పకూడని చోట సున్నం దిగింది. మెడ తిరగకపోవడానికీ, భుజం లేవకపోవడానికీ ఇదే కారణం, కట్టునరాలు సున్నంబారాయి. ఉండాల్సిన చోట అమరిక చెడి ఎముక పెళుసైంది, ఉండకూడని చోటికి సున్నం పాకింది. రెండూ ఒకే ఒంట్లో.

పళ్ళ సంగతి చెప్పకపోతే నా మొహం అద్దంలో చూసుకోలేను. నా ముందరి పళ్ళ మీద గోధుమరంగు చారలు. పెళ్ళిచూపుల్లో నవ్వొద్దని అమ్మ చెప్పి పంపింది. ఈ మచ్చ పింగాణీలో, అంటే పంటి పై పొరలో ఉంది. పింగాణీలో కొల్లాజెన్ ఉండదు, 96 శాతం ఖనిజమే. చిన్నతనంలో చిగురు లోపలే అది తయారయ్యేటప్పుడు తాగిన నీళ్ళు దాని మీద రాసిపోతాయి. కట్టిన కణాలు పని అయ్యాక పోతాయి కాబట్టి తుడిచేవాళ్ళు ఉండరు. దాని కింద ఉండే డెంటిన్ మాత్రం ఎముకకు చుట్టమే, కొల్లాజెన్ తీగల లోపల ఖనిజం.

పోయినేడు ఒక పంటికి ఫిల్లింగ్ వేయించుకున్నాను. డాక్టరమ్మ గుంట శుభ్రం చేసి నీలంరంగు జెల్ పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టింది. అది ఫాస్ఫారిక్ ఆమ్లం, 37 శాతం. కడిగి, గాలి కొద్దిగా ఊది, "మరీ ఆరనివ్వకమ్మా, తడి ఉండాలి" అని పక్కనున్న అమ్మాయికి చెప్పింది. ఎందుకని అడిగాను. ఆమ్లం డెంటిన్ పై పొరలో ఖనిజాన్ని తినేస్తుందట, కొల్లాజెన్ వల మిగులుతుందట. ఆ వలలోకి రెజిన్ అనే ప్లాస్టిక్ జిగురు దిగి గట్టిపడాలి. మరీ ఆరిపోతే వల చతికిలబడి రెజిన్‌కు దారి ఉండదు. 1982లో జపాన్‌లో నకబయాషి ఈ పొరను వివరించాడని తర్వాత చదివాను. నోరు తెరుచుకుని పడుకుని మా వెనిగర్ సీసా గుర్తుచేసుకున్నాను. ఖనిజం తీసేసి ఆ ఖాళీలో ప్లాస్టిక్ నింపించుకుంటున్నాను. ఎముక చేసే పనికి మనిషి రాసిన కాపీ అది, కొంచెం తప్పులతో.

ఇదంతా చదివి కాల్షియం మాత్రలు మానేయమంటున్నానని ఎవరూ అనుకోవద్దు. కాల్షియం, విటమిన్ డి చాలకపోతే కొల్లాజెన్ అల్లిక తయారై ఖనిజం కోసం ఎదురుచూస్తూ మెత్తగా ఉండిపోతుంది. పిల్లల్లో కాళ్ళు వంగిపోయేది అందుకే. డాక్టరు రాస్తే వేసుకోవాలి. నా గొడవల్లా మనం పెట్టుకున్న కొలత మీద. బోన్ డెన్సిటీ స్కాన్ కొలిచేది మినరల్‌ను ఒక్కదాన్నే, చదరపు సెంటీమీటరుకు ఇన్ని గ్రాములని. దాన్ని ఆరోగ్యంగా ఉన్న వయసువాళ్ళ ఎముకతో పోల్చి మైనస్ 2.5 అని ఒక అంకె, అంటే ఎముక గుల్లబారిందని, వస్తే ఇంటిల్లిపాదీ దాని చుట్టూ తిరుగుతారు. పనికొచ్చే అంకే, కాదనను. కానీ పెద్దమ్మకు ఆ స్కాన్ తీసి ఉంటే బహుశా ఊళ్ళో కెల్లా మంచి మార్కులు ఆమెకే వచ్చేవి.

ఇటు మరీ వంగి కొల్లాజెన్ పౌడర్ల మీద పడేవాళ్ళు ఇంకో రకం. ఫోన్ తెరిస్తే అవే ప్రకటనలు. తిన్న కొల్లాజెన్ కడుపులో ముక్కలైపోతుంది, చిరునామా చూసుకుని మోకాలికి వెళ్ళదు. కాలు విరిగితే మేకకాళ్ళ సూప్ తాగమనే మన పెద్దవాళ్ళదీ అదే ఆశ. కాకపోతే ఆ సూప్ రుచిగా ఉంటుంది, డబ్బా ఖరీదు దానికి లేదు. ఒంట్లో కొల్లాజెన్ పేట బిగువుగా పడాలంటే విటమిన్ సి కావాలి. అది లేకపోతే పోగుల మీద వేయాల్సిన రసాయన ముడులు పడవు. దానికి ఉసిరికాయ చాలు, పచ్చిది.

పోయిన నెల ఊరెళ్ళాను. పెద్దమ్మ వాకర్ పట్టుకుని అరుగు మీదికొచ్చి కూర్చుంది.

"ఆ దినం అడిగినదానికి నీ సదువేమన్న చెప్పిందా బిడ్డా?"

"చెప్పింది పెద్దమ్మా. మన చిటికి లెక్కనే. బొక్కల నూలు ఉంటది. సున్నం రంగు. కట్టు లేని కాడ రంగు లోపటికి దిగుతది. కట్టు జారితే..."

"పక్కకు పాకుతది," అంది నా మాట పూర్తికాకముందే. "మరి గీ నీళ్ళు జేసిన పనేంది?"

"రంగునే మార్చినయ్. పాకొద్దన్న కాడికి పాకిచ్చినయ్."

కాసేపు తన చేతుల వంక చూసుకుంది. "పాకిన రంగు ఉతికితే పోదు గద."

బొక్కలోని ఫ్లోరైడ్ మంచినీళ్ళు తాగుతూ ఉంటే కొంతకొంత దిగుతుందని, ఏళ్ళు పడుతుందని, కట్టునరాల్లో పేరుకున్నది మాత్రం పోదని చెప్పాను. ఎన్నేళ్ళంటే పదీ పదిహేను అన్నాను. వేళ్ళ మీద లెక్కపెట్టుకుని నవ్వేసింది. కోడలు భగీరథ నీళ్ళ బిందె దించి లోపలికి తీసుకుపోతోంది. పెద్దమ్మ మెడ తిప్పలేక మొత్తం ఒళ్ళే గుమ్మం వైపు తిప్పి కేకేసింది.

"చాయ్ పెట్టు. చక్కెర జర ఎక్కువెయ్యి, సప్పగుంటయ్ గీ నీళ్ళు."